కాన్ఫిగ్ ఫైలూ, కోటేశ్వరి ఉద్యోగమూ

నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి పేరు శ్రావణి. నేను రిటైరయ్యే ముందు మూడు వారాలు పక్కన కూర్చుని పని నేర్చుకుంది. చివరి రోజున నేను రాసిచ్చిన నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, "సార్, కమాండ్లు బాగానే రాశారు. ఇవన్నీ నెట్‌లో వెతికినా దొరుకుతాయి. దొరకనివి ఏమన్నా ఉంటే అవి రాసివ్వండి," అంది.

ఆ మాట కాస్త గుచ్చుకుంది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ పిల్ల అడిగింది న్యాయమే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. శ్రావణి కోసం మొదలుపెట్టినా, ఏ ఆసుపత్రిలోనో కాలేజీలోనో సర్వర్ గదిలో ఒంటరిగా కూర్చోబోయే వాళ్ళెవరికైనా పనికొస్తే సంతోషం.

నేను ఏ హోదాలో చేరి ఏ హోదాలో దిగానన్నది ఎవరికీ అక్కర్లేదు. ఒక చిన్న ఫైలులో నేను చేసిన తప్పు వల్ల ఇద్దరు ఆడవాళ్ళు ఎంత నలిగిపోయారో చెప్పాలి. దాని ముందూ వెనకా కొంత చెప్పకపోతే అది అర్థం కాదు కాబట్టి అదీ చెబుతాను.

పని ఏమిటంటే

మాది నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పెద్ద ల్యాబు అక్కడే. మాచర్ల, గురజాల, కారంపూడిలో రక్తం, కఫం నమూనాలు తీసుకునే చిన్న సెంటర్లు ఉన్నాయి. పొద్దున అక్కడ తీసిన నమూనాలు బస్సులో నరసరావుపేటకు, మా మాటల్లో పేటకు, వస్తాయి. పరీక్షలయ్యాక ఫలితాలు మా సర్వర్‌లోకి ఎక్కుతాయి. సెంటర్‌లో ఉండే టెక్నీషియన్ తన కంప్యూటర్‌లో మా ల్యాబు పేజీ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, రిపోర్టు ప్రింటు తీసి రోగి చేతికిస్తారు.

తెరిచిన పేజీ నిజంగా మాదేనా, మధ్యలో ఇంకెవరైనా మా వేషం వేసుకుని కూర్చున్నారా అన్నది ఆ కంప్యూటరుకు తెలియాలి. అందుకోసం సర్వర్‌కు ఒక గుర్తింపు కార్డు లాంటిది ఉంటుంది. దాన్నే సెక్యూరిటీ సర్టిఫికెట్ అంటాం. బయటి సంస్థల దగ్గర తెచ్చుకోవచ్చు గానీ, మా దగ్గర మొదటి నుంచీ సొంతంగా తయారుచేసుకునే ఏర్పాటే ఉంది. ఆ కార్డు మీద వేసే మా ముద్ర ఎలా ఉంటుందో సెంటర్లలోని కంప్యూటర్లకు ముందే నేర్పి పెడతాం. ఏడాదికోసారి గడువు తీరుతుంది. కొత్తది చెయ్యాలి.

ఆ సర్టిఫికెట్ మీద ఏమేం ఉండాలో చెప్పేది కాన్ఫిగ్ ఫైలు. అందులో వింతేమీ లేదు. నలభై యాభై లైన్ల మామూలు రాత. దేశం, రాష్ట్రం, ఊరు, సర్వర్ పేర్లు, గడువు, అంతే. అందులో జరిగే తప్పులు రెండు రకాలు. ఒక రకం తప్పుకు సర్టిఫికెట్ అసలు తయారవదు. తెర మీద ఇంగ్లీషులో నాలుగు లైన్లు వచ్చి పని ఆగిపోతుంది. రెండో రకం తప్పుకు సర్టిఫికెట్ ఏ గొడవా లేకుండా తయారవుతుంది, కానీ పనికిరాదు. కొత్తవాళ్ళు మొదటి రకానికి హడలిపోతారు. హడలిపోవాల్సింది రెండో రకానికి.

గట్టిగా చదివించిన ప్రసాదరావు గారు

నాకు పని నేర్పింది ప్రసాదరావు గారు. టెలిఫోన్ లైన్ల మీద జీవితమంతా గడిపి, రిటైరయ్యాక మా ఆసుపత్రికి సలహాదారుగా వచ్చారు. మొదటిసారి సర్టిఫికెట్ చెయ్యబోయినప్పుడు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే ఎర్రర్ వస్తోంది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. మూడుసార్లు. నాలుగోసారి ఎక్కిస్తుండగా ఆయన లోపలికొచ్చారు.

"ఏందయ్యా మస్తానూ, పొద్దుటి నుంచి అదే పని?"

"సాఫ్ట్‌వేర్ చెడిపోయినట్టుంది సార్."

"అది ఏమంటంది?"

"ఏదో ఎర్రర్ సార్."

"ఏదో అంటే? చదువు."

మనసులో చదువుకున్నాను. "నీకు కాదు, నాకు వినపడాల. గట్టిగా," అన్నారు. గట్టిగా చదివాను. ఫలానా ఫోల్డర్‌లో ఫలానా పేరుతో ఉండాల్సిన కాన్ఫిగ్ ఫైలు తెరవలేకపోయాను అని స్పష్టంగా ఉంది.

"ఫైలు దొరకలేదని మొత్తుకుంటంది అది. నువ్వేమో సాఫ్ట్‌వేర్ మారుస్తన్నావ్. ఫైలు పేరు చూసుకున్నావా?"

చూసుకున్నాను, సరిగ్గానే ఉందన్నాను. ఆయన కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి ఫోల్డర్‌లోని పేర్లన్నీ జాబితాగా తెప్పించారు. నేను నోట్‌ప్యాడ్‌లో రాసి దాచిన ఫైలు పేరు చివర నాకు కనపడకుండా టెక్స్ట్ అనే తోక తగులుకుని ఉంది. తోక తీసేస్తే ఆ ఎర్రర్ పోయింది. వెంటనే ఇంకోటి వచ్చింది. ఈసారి ఆయన చెప్పకముందే గట్టిగా చదివాను. దేశం పేరు చాలా పొడవుగా ఉందట. నేను ఇండియా అని పూర్తిగా రాశాను. అక్కడ రెండక్షరాలే రాయాలి.

చదవడం ఆయన నేర్పారు. ఆ రుణం ఎప్పటికీ ఉంటుంది. అయితే ఆయన తనకు తెలియదని ఒప్పుకోవడం నేనెన్నడూ వినలేదు. తెలియని ప్రశ్న ఎదురైతే గొంతు పెంచేవారు, లేదా లేచి వెళ్ళిపోయేవారు. నేను గొంతు పెంచే రకం కాదు. కానీ "నాకు తెలియడం లేదు" అన్న మాట నోట్లోనే మింగడం ఆయన్ని చూసే అలవాటు చేసుకున్నాను. పెద్దవాళ్ళ దగ్గర పని నేర్చుకునేటప్పుడు ఏది తీసుకోవాలో ఏది వదిలెయ్యాలో చూసుకోండి. నేను చూసుకోలేదు.

కారంపూడి తేదీ

ఒక ఏడాది కొత్త సర్టిఫికెట్ పెట్టిన గంటకు కారంపూడి సెంటర్ నుంచి సుబ్బయ్య గారు ఫోన్ చేశారు. పెద్దాయన. రక్తం తీయడంలో ఆయనంత తేలికైన చెయ్యి ఇంకొకరికి లేదు. కంప్యూటరంటే మాత్రం భయం.

"మస్తాన్ బాబూ, నువ్వు పంపిన సర్టిఫికెట్టు ఇంకా చెల్లే రోజు రాలేదంటంది ఇది. ఎప్పటికొచ్చిద్దో కనుక్కో."

నేను రెండు రోజులు కాన్ఫిగ్ ఫైలులో గడువు లైన్లన్నీ మార్చి మార్చి కొత్త సర్టిఫికెట్లు చేశాను. మిగతా సెంటర్లలో బాగానే ఉంది, కారంపూడిలో ఒక్కచోటే ఈ గోల. మూడో రోజు చిరాకుగా, "పెద్దయ్యా, తెర కింద మూల తేదీ ఏముందో చూడండి," అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

"ఇదేంది, ఇది మా మనవరాలు పుట్టకముందు తేదీ చూపిస్తంది. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు!"

కంప్యూటర్ లోపల తేదీని నిలిపే బిళ్ళ బ్యాటరీ సరిగ్గా అప్పుడే అయిపోయింది. ఆయన బస్టాండు దగ్గర గడియారాల కొట్లో ఒకటి కొని తెచ్చారు. తేదీ సరిచేశాం, పని జరిగింది. అవతలి మనిషికి తెర మీద ఏం కనిపిస్తోందో మొదటి ఫోన్‌లోనే ఓపికగా అడిగి ఉంటే రెండు రోజులు మిగిలేవి. నవ్వుకునే తప్పు కాబట్టి అందరికీ చెప్పుకుని నవ్వాను. తర్వాతి తప్పు అలాంటిది కాదు.

రెండు రోజులన్నాను

కోటేశ్వరి మాచర్ల సెంటర్‌లో టెక్నీషియన్. పుట్టిల్లు బెల్లంకొండ. భర్త లారీ మీద వారాల తరబడి తిరుగుతాడు. ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ సెంటర్ ఒంటిచేత్తో నడిపేది. నమూనా సీసా మీద పేరు గుండ్రంగా రాసి, రోగికి చదివి వినిపించి, సరేనంటేనే పెట్టెలో పెట్టేది. మూడు సెంటర్లలోనూ సీసాలు తారుమారు కానిది ఆమె దగ్గరే.

ఆ తర్వాత ఒక ఏడాది, పేజీలు తెరిచే బ్రౌజర్లు ఒక పద్ధతి మార్చుకున్నాయి. అంతకుముందు సర్టిఫికెట్‌లో ఒక చోట ఉన్న సర్వర్ పేరు చూసుకుని ఊరుకునేవి. ఇక మీదట "ఇతర పేర్లు" అనే జాబితాలో ఆ పేరు ఉంటేనే ఒప్పుకుంటామన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. కాన్ఫిగ్ ఫైలులో ఆ జాబితా రాశాను. సర్టిఫికెట్ చేశాను. ఒక్క ఎర్రర్ రాలేదు. గంటలో మాచర్ల నుంచి ఫోన్.

"సార్, పేజీ తెరుస్తంటే తెరంతా ఎర్రగా వస్తంది. మీ కనెక్షన్ భద్రం కాదంటంది."

ఫైలు తీసి చూశాను. జాబితా ఉంది. పేరు సరిగ్గా ఉంది. మళ్ళీ చేశాను, మళ్ళీ ఎర్ర తెర. అవి విషజ్వరాల రోజులు. మాచర్లలో గుమ్మం బయట దాకా జనం. మా అడ్మినిస్ట్రేటర్ రాఘవరావు గారు తలుపు తోసుకుని వచ్చి, "ఏందయ్యా, అక్కడ జనం గొడవ చేస్తన్నారంట. ఎంతసేపు?" అన్నారు. తెలియడం లేదని చెప్పాల్సిన క్షణం అదే. "అయిపోయింది సార్," అన్నాను. ఆయన వెళ్ళగానే కోటేశ్వరికి ఫోన్ చేశాను.

"ఆ ఎర్ర తెర కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటది చూడమ్మా. నొక్కు. దాని కింద ప్రొసీడ్ అని వస్తది. అదీ నొక్కు. పేజీ తెరుచుకుంటది."

"భద్రం కాదంటంది గదా సార్. నొక్కొచ్చా?"

"నేను చెప్తన్నా కదమ్మా. మన సర్వరే అది. రెండు రోజుల్లో సరిచేస్తా."

"సరే సార్. ఎవరన్నా అడిగితే మీరు చెప్పారంటా."

"చెప్పు."

గురజాలకూ కారంపూడికీ అదే చెప్పాను. రిపోర్టులు మళ్ళీ బయటికి వెళ్ళడం మొదలైంది. రెండు రోజులు కూర్చుని వెతికాను, దొరకలేదు. మూడో రోజు ఇంకో పని పడింది. ఎవరూ ఫోన్ చెయ్యడం లేదు కదా అని వాయిదా వేశాను. రెండు రోజులన్నది తొమ్మిది నెలలైంది.

ఆ ఎర్ర తెర ఎందుకు వస్తుంది? ఎదురుగా ఉన్నది మేం కాకపోయే అవకాశం ఉందని చెప్పడానికి వస్తుంది. అలా చెప్పే కాపలా ఆ సెంటర్లకు అదొక్కటే. దాన్ని పక్కకు నెట్టి లోపలికి పోవడం ముగ్గురికి నేనే ఫోన్‌లో నేర్పాను. తొమ్మిది నెలలు రోజూ నెడితే, ఒకనాడు అది నిజంగానే హెచ్చరించినా తేడా ఎవరికి తెలుస్తుంది?

దుర్గి మనిషి

దుర్గిలో రమణమ్మ అని ఒకావిడ. భర్త రాతి బొమ్మలు చెక్కుతాడు. ఆవిడ వాటిని అరగదీసి నునుపు చేస్తుంది. దగ్గు తగ్గడం లేదని మాచర్ల వచ్చి కఫం పరీక్ష చేయించుకుంది. క్షయ అని తేలింది. ప్రభుత్వం ఇచ్చే మందులు మొదలుపెట్టింది. ఇంట్లో సంగతి మెల్లగా, భర్తకు ముందు చెప్పి, తర్వాత అత్తకు చెబుదామనుకుంది. సొంత ఫోన్ లేక రిపోర్టు మీద మరిది నంబరు రాయించింది.

పది రోజులకు ఆ మరిదికి ఎవడో ఫోన్ చేశాడు. ఆవిడ పేరు, వయసు, ఊరు, పరీక్ష, ఫలితం అన్నీ గడగడా చదివి, మా దగ్గర ప్రత్యేకమైన మందు ఉంది, పోస్టులో పంపిస్తామన్నాడు. సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ తెలిసింది. ఆవిడ కంచం, గ్లాసు వసారాలోకి వెళ్ళాయి. నాలుగేళ్ళ కూతుర్ని నాయనమ్మ తన దగ్గర పడుకోబెట్టుకుంది.

మర్నాడు రమణమ్మ మాచర్ల సెంటర్‌కు వచ్చి, జనమంతా ఉండగా కోటేశ్వరిని నిలదీసింది. ఆ మాటలు తర్వాత కోటేశ్వరే నాకు చెప్పింది.

"ఏమే, నా రోగం ఎవుడికి చెప్పావే?"

"నేనెవురికీ చెప్పలేదక్కా. నా బిడ్డల మీద ఒట్టు."

"మరి ఆడికెట్టా తెలిసింది? కాగితం నీ చేతి మీదగా తీసుకున్నా. లోపల నువ్వు గాక ఇంకెవురున్నారు?"

ఆ వారంలోనే ఇంకో నలుగురికి అలాంటి ఫోన్లు వచ్చాయి. అందరూ మాచర్లలో పరీక్ష చేయించుకున్నవాళ్ళే. రాఘవరావు గారు నన్ను పిలిచి, ఆ రిపోర్టులు ఎవరి పాస్‌వర్డ్‌తో తెరిచారో చూడమన్నారు. చూశాను. అయిదూ కోటేశ్వరి పాస్‌వర్డ్‌తోనే తెరిచారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎక్కడి నుంచి తెరిచారో చూడలేదు, ఎందుకంటే ఆయన అడగలేదు. సాయంత్రానికి ఆమెను సస్పెండ్ చేశారు. ఆమె మీద పోలీసు ఫిర్యాదు రాయడానికి సిద్ధమయ్యారు.

మాచర్లలో చూసింది

ఫిర్యాదు రాసే ముందు కంప్యూటర్‌ని ఒకసారి చూసి రమ్మని నన్ను పంపారు. కోటేశ్వరి కుర్చీలో గురజాల నుంచి తాత్కాలికంగా తెచ్చిన అమ్మాయి ఉంది. ఆమెను లేపి కూర్చుని ల్యాబు పేజీ తెరిచాను. ఎర్ర తెర వచ్చింది. నా చెయ్యి దానంతటదే అడ్వాన్స్‌డ్ మీదికి, ప్రొసీడ్ మీదికి పోయింది. మా పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డ్ అడుగుతోంది. అంతా మామూలే.

కొడుతూ కొడుతూ ఆగాను. పేజీ అడుగున ఉండే ఆసుపత్రి ఫోన్ నంబరు అయిదారు నెలల క్రితమే మార్చాం. ఇక్కడ పాతది ఉంది. సర్టిఫికెట్ తెరిచి చూశాను. దాని మీద మా ముద్ర లేదు. సెంటర్‌కు ఇంటర్నెట్ తెచ్చే రూటర్ డబ్బాలోకి కంప్యూటర్ నుంచి వెళ్ళి చూస్తే, అందులోని సెట్టింగులు ఎవరో మార్చారు. మా ల్యాబు పేరు కొడితే మా సర్వర్‌కు కాకుండా ఇంకెక్కడికో దారి తీస్తోంది. అక్కడ అచ్చం మాలాంటి పేజీ. పాస్‌వర్డ్ పుచ్చుకుని, తర్వాత మెల్లగా అసలు పేజీకి పంపేస్తుంది. కోటేశ్వరికి అనుమానం వచ్చే వీలే లేదు. ఆ రూటర్ పాస్‌వర్డ్ కంపెనీ అన్నిటికీ ఒకేలా స్టిక్కర్ మీద అచ్చేసిందే. దాన్ని బిగించి, మార్చకుండా వచ్చింది నేనే.

తెర కింది అంచున ఒక కాగితం అంటించి ఉంది. సూది పోటు మీద దూది నిలపడానికి వాడే ప్లాస్టరుతో అంటించింది. గుండ్రటి అక్షరాలు. "ఎర్ర తెర వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కాలి. తర్వాత ప్రొసీడ్. మస్తాన్ సార్ చెప్పారు. రెండు రోజులు మాత్రమే." చివరి మాటల కింద గీత గీసి ఉంది.

గురజాల అమ్మాయి బయట రోగుల పేర్లు పిలుస్తోంది. నన్నెవరూ చూడటం లేదు. కాగితం పీకి జేబులో పెట్టుకున్నాను.

అబద్ధం ఎందుకు, దాన్ని ఎవరికైనా చూపించాలని పీకలేదు. ఎవరూ చూడకూడదని పీకాను. పేటకు బస్సెక్కి, ఏం చెప్పాలో అల్లుకోవడం మొదలుపెట్టాను. బయటివాడెవడో రూటర్‌లో దూరాడు, అది నిజమే. హెచ్చరిక వచ్చినా ఆమె నొక్కుకుంటూ పోయింది, అదీ నిజమే. ఈ రెండు నిజాలతో నా పేరు రాకుండా రిపోర్టు రాయొచ్చు. ఆమె జైలుకు పోదు, ఉద్యోగం మాత్రం పోతుంది.

కారంపూడిలో బస్సు ఆగింది. దిగి టీ గ్లాసు పట్టుకుని కాగితం తీసి చూశాను. ఆ గీత దగ్గర నా చూపు ఆగిపోయింది. రెండు రోజులే కదా అని తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి గీసుకున్న గీత అది. నా మాట నమ్మి గీసింది. తొమ్మిది నెలల పాటు రోజూ నొక్కుతూ, ఈ రెండు రోజులు ఎప్పుడవుతాయా అని ఆమె ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో. నన్ను అడగలేదు, పెద్దవాణ్ణి కదా. టీ చల్లారిపోయింది. తాగకుండానే బస్సెక్కాను.

డాక్టరు గారి గదిలో

ఆసుపత్రి యజమాని డాక్టరు గారు. రాఘవరావు గారు కూడా అక్కడే ఉన్నారు. కాగితం బల్ల మీద పెట్టాను.

"ఇదేంది?" అన్నారు డాక్టరు గారు.

"కోటేశ్వరి రాసుకున్నది సార్. రాయించింది నేను."

మొత్తం చెప్పాను. సర్టిఫికెట్, రూటర్, పాస్‌వర్డ్. రాఘవరావు గారు తల పట్టుకున్నారు.

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేదయ్యా? ఇది చించేసి రాకపోయావా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆసుపత్రి పేరు పోతుందని భయం. డాక్టరు గారు కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివారు. తర్వాత అడిగారు.

"తొమ్మిది నెలల్లో ఒక్కసారన్నా, నాకు చేతగావట్లేదు సార్ అని చెప్పొచ్చుగా?"

"చెప్పాల్సింది సార్."

"చెబితే ఏం చేసేవాణ్ణి? తిట్టేవాణ్ణి. తిట్టి, పని వచ్చినవాణ్ణి ఇంకొకణ్ణి పిలిపించేవాణ్ణి. అంతేగా మస్తాన్?"

అంతే. అంతకంటే పెద్ద శిక్ష ఏదో ఉంటుందని నేను భయపడ్డాను. ఆ భయానికి రమణమ్మ, కోటేశ్వరి మూల్యం చెల్లించారు. మీ పై అధికారి తిట్లు మహా అయితే పావుగంట ఉంటాయి. ఆ పావుగంట కూర్చోండి.

కోటేశ్వరి సస్పెన్షన్ ఎత్తేశారు. ఫిర్యాదు తెలియని వ్యక్తుల మీద రాశారు. ఆ వ్యక్తులెవరో ఈ రోజుకీ తెలియదు. మర్నాడు మాచర్ల నుంచి ఫోన్ వచ్చింది. నమస్కారం లేదు, బాగున్నారా లేదు.

"ఆ ఎర్ర తెర తీసేయండి సార్. అప్పటిదాకా నేనా కంప్యూటర్ ముట్టను. రిపోర్టులు బస్సులో పంపించండి."

పంపించాం. డాక్టరు గారన్నట్టే గుంటూరు నుంచి ఒక ఇంజనీరు కుర్రాణ్ణి పిలిపించారు. అరగంటలో పట్టేశాడు. సర్టిఫికెట్ రెండు మెట్లలో తయారవుతుంది. మొదట దరఖాస్తు, తర్వాత దాని మీద ముద్ర. నేను రాసిన పేర్ల జాబితా దరఖాస్తులో ఉంది. ముద్ర వేసేటప్పుడు ఆ జాబితాను కూడా కలుపుకొమ్మని చెప్పే మాట నేను రాయలేదు. దాంతో తయారైన సర్టిఫికెట్‌లో జాబితా లేదు. వెతికిన ఆ రెండు రోజులూ నేను దరఖాస్తునే మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంటూ పేరు ఉంది కదా, ఉంది కదా అనుకున్నాను. చేతికొచ్చిన సర్టిఫికెట్‌ని ఒక్కసారీ విప్పి చదవలేదు.

నా ముఖం చూసి ఆ కుర్రాడు, "చానా మంది ఇక్కడే పడతారు సార్. నేనూ పడ్డా," అన్నాడు. ఆ దయ కూడా నేర్చుకోవాల్సిందే. తప్పు పట్టుకున్నవాడు ఎదుటివాణ్ణి నిలబెట్టి చూడక్కర్లేదు.

క్షమాపణ

ఫోన్లు వచ్చిన అయిదుగురి ఇళ్ళకూ వెళ్ళి చెప్పి రావాలన్నారు డాక్టరు గారు. దుర్గికి ఆయనే వచ్చారు. నేనూ కోటేశ్వరీ వెంట ఉన్నాం. దారి పొడుగునా ఆమె నాతో మాట్లాడలేదు.

వసారాలో ఒక మూల కంచం, గ్లాసు బోర్లించి ఉన్నాయి. డాక్టరు గారు అత్తగారిని, భర్తను కూర్చోబెట్టి, ఈ జబ్బు కంచాలూ గ్లాసుల వల్ల రాదని, మందులు క్రమంగా వాడుతున్న మనిషిని దూరం పెట్టక్కర్లేదని నిదానంగా చెప్పారు. ఇంట్లో మిగతావాళ్ళు కూడా ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిదన్నారు. తర్వాత నేను చెప్పాను. తప్పు ఈమెది కాదు, నాది, క్షమించమన్నాను.

రమణమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు తప్పయిందంటే నా కంచం లోపలికొచ్చిద్దా సారూ?"

కోటేశ్వరి లేచింది. బోర్లించిన గ్లాసు తీసి, కుండలో నీళ్ళు ముంచుకుని, అక్కడే నిలబడి తాగింది. తాగి గ్లాసు కడిగి అత్తగారి చేతికిచ్చింది.

"పెద్దమ్మా, నేను రోజూ ఈ జబ్బోళ్ళ మధ్యనే ఉంటా. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. భయమైతే తాగుతానా?"

అత్తగారు గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఆ రోజు కంచం లోపలికి పోలేదు. నెలన్నర తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు రమణమ్మ కూతుర్ని చంకనేసుకుని వచ్చిందని కోటేశ్వరి ఫోన్ చేసి చెప్పింది. నాతో ఆమె పనికి సంబంధించని మాట మాట్లాడటం మళ్ళీ అదే మొదలు.

నలభై నిమిషాలు

నా చివరి ఏడాది సర్టిఫికెట్ మార్చాల్సి వచ్చింది. తయారైనదాన్ని విప్పి చదివాను. అయినా జాబితాలో ఒక పేరులో ఒక అక్షరం ఎగిరిపోయిన సంగతి నా కంటికి ఆనలేదు. చదివితే అన్నీ కనపడతాయని నేను మీకు మాటివ్వను. పదకొండింటికి మాచర్ల నుంచి ఫోన్.

"సార్, ఎర్ర తెర వచ్చింది. నేను నొక్కలా."

వెనక జనం గోల. ఎవరో పెద్ద గొంతుతో, "ఏదో నొక్కితే వచ్చిద్దంటగా, నొక్కు తల్లీ, నా బస్సు పోయిద్ది!" అంటున్నాడు. ఇంతలో రాఘవరావు గారు నా గదిలోకి వచ్చారు. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"మన సర్వరే గదా కోటేశ్వరీ. ఈ ఒక్కసారికి నొక్కు."

"మస్తాన్ సార్ చెప్పినా నొక్కను సార్. ఆయన్ని సరిచేయమనండి. నేను ఆగుతా."

ఆయన నా వంక చూశారు. "ఎంతసేపు?"

"తెలియదు సార్," అన్నాను. "తప్పెక్కడుందో నాకింకా తెలియలేదు. ఆలస్యమవుద్దని జనానికి మీరే చెబితే బాగుంటది."

ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. తర్వాత ఫోన్ దగ్గరికి వంగి, పేట నుంచి అడ్మినిస్ట్రేటర్‌ని మాట్లాడుతున్నానని, తప్పు మాదని, కాసేపు ఓపిక పట్టమని గట్టిగా చెప్పారు. గోల కొంచెం తగ్గింది. అత్యవసరమైన రెండు రిపోర్టుల గురించి ల్యాబు డాక్టరే అక్కడి డాక్టర్లకు ఫోన్ చేశారు.

ఎగిరిపోయిన ఆ అక్షరాన్ని పట్టుకుని సరిచేసేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఒక చేత్తో ఫైలు దిద్దుతూ, "ఉన్నావా అమ్మా?" అని మధ్యమధ్య అడుగుతూనే ఉన్నాను. అవతల జనం అనే మాటలు ఆమె ఒక్కతే పడటం నాకు ఇష్టం లేకపోయింది.